వాన ఐదో వంతు తగ్గితే డ్యాంలో ఎంత తగ్గుతుంది?

ఆస్ట్రేలియా పశ్చిమ తీరంలోని పెర్త్ నగరం ఒకప్పుడు డార్లింగ్ కొండల్లోని జలాశయాలను నమ్ముకుని బతికింది. 1911 నుంచి 1974 దాకా వాటిలోకి ఏటా సగటున 12 టీఎంసీల నీరు చేరేది. తెలుగుగంగ ఒప్పందం ప్రకారం సరిహద్దులో చెన్నైకి అప్పగించాల్సిన నీరు కూడా అంతే.

1970ల నుంచి అక్కడ వాన 15–20 శాతం తగ్గింది. జలాశయాల్లోకి వచ్చే నీరు మాత్రం దాదాపు 80 శాతం పడిపోయింది.

ఎందుకంటే, పడిన వానలో మొదటి వాటా నేలది, చెట్లది. అవి తాగగా మిగిలిందే వాగు. వాన కాస్త తగ్గినా నేల తన వాటా తగ్గించుకోదు, కోతంతా వాగు మీదే పడుతుంది. కొన్నేళ్లు ఇలాగే గడిస్తే భూగర్భ జలమట్టం వాగు అడుగు కంటే కిందికి దిగిపోతుంది. అప్పటిదాకా ఊటతో వాగును నిలబెట్టిన నేలే తిరిగి వాగు నీటిని పీల్చేస్తుంది. ఆ తర్వాత ఒక మంచి వానాకాలం వచ్చినా డ్యాం నిండదు. మన నగరాల ప్రణాళికల్లో సగటు వర్షపాతాన్ని చూసి ధైర్యం చెప్పుకునేవారు ఈ సంగతి తప్పక గమనించాలి.

పెర్త్ సముద్రం వైపు తిరిగింది. సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే ప్లాంట్లు కట్టింది. 2006లో క్వినానాలో ఏడాదికి 1.6 టీఎంసీల ప్లాంటు, 2011లో బినింగప్‌లో రెండోది మొదలయ్యాయి. రెండో దాన్ని తర్వాత 3.5 టీఎంసీలకు పెంచారు. మన వీధి వాటర్ ప్లాంట్ల ఆర్ఓ పద్ధతే, కాకపోతే ఉప్పు నీటిని పొరల గుండా నెట్టడానికి ఒత్తిడి చాలా ఎక్కువ కావాలి. వెయ్యి లీటర్లకు సుమారు 3.5–4 యూనిట్ల కరెంటు ఖర్చు. అంటే 5 వేల లీటర్ల ట్యాంకరు నింపాలంటే 20 యూనిట్ల దాకా. అందుకే క్వినానా వాడే విద్యుత్తుకు సరిపడా ఎమూ డౌన్స్ గాలిమరల నుంచి కొన్నారు. ఇప్పుడు వాన నీటికే కాదు, చలికాలంలో మిగిలే సముద్రపు మంచినీటికీ ఆ పాత డ్యాములే నిల్వ తొట్లు.

నాకు ఇంతకంటే ముఖ్యమనిపించేది మురుగు నీటి పని. బీన్యప్‌లో దాన్ని తాగే స్థాయికి శుద్ధి చేసి లోతైన భూగర్భ పొరల్లోకి ఎక్కిస్తారు. ముందు ప్రయోగం చేసి, జనానికి ప్లాంటు చూపించి నమ్మకం కుదిర్చాకే 2017లో అసలు పని మొదలుపెట్టారు. సామర్థ్యం ఇప్పుడు ఏటా ఒక టీఎంసీ.

వాడకానికీ పగ్గం వేశారు. తోటలకు స్ప్రింక్లర్లు వారానికి రెండు రోజులే. జూన్ నుంచి ఆగస్టు దాకా, అంటే అక్కడి చలికాలంలో, అసలు వాడకూడదు.

బోర్ల మీద భారం మాత్రం ఇంకా తీరలేదు. నగరానికి నీరిచ్చే గ్నంగారా భూగర్భ జలాలు అడుగంటుతుండటంతో, 2028 నుంచి నగర సరఫరాకు తోడే నీటిలో ఏటా ఒక టీఎంసీకి పైగా కోయాలని 2022లో నిర్ణయించారు. ఆల్కిమోస్‌లో కడుతున్న మూడో సముద్రపు ప్లాంటు తొలి దశ సామర్థ్యం 1.8 టీఎంసీలు. అందులో సగానికి పైగా ఈ లోటు పూడ్చడానికే పోతుంది.