పడవలో దుర్వాసన: మూలాన్ని కనిపెట్టడం ఎలా? ముక్కును ఎంతవరకు నమ్మవచ్చు?

కోల్‌కతా నగరంలోని ఏక్‌బాల్‌పూర్‌కు పొరుగునే ఖిదిర్‌పూర్ రేవు ఉంది. 1892లో ప్రారంభమైన ఈ రేవులోకి హుగ్లీ నది నుంచి నౌకలు లాకు తలుపులు దాటి వస్తాయి. దేశంలోని ప్రధాన ఓడరేవుల్లో నదీతీరాన ఉన్నది కోల్‌కతా ఒక్కటే. ఖలాసీలు, సరంగులు తరతరాలుగా బతికిన ఈ పరిసరాల్లో ఓడ వాసన కొత్త సంగతి కాదు. డీజిల్, తారు, తడిసిన తాళ్లు, నిల్వ నీరు కలిసిన ఆ వాసనకు అలవాటుపడినవారు దానిని పట్టించుకోరు.

అయితే అలవాటైన వాసనలో కొత్తది ఒకటి చేరినప్పుడు దానిని ఉపేక్షించరాదు. పడవలో పుట్టే ప్రతి దుర్వాసనకూ ఒక కారణం ఉంటుంది. కొన్ని కారణాలు కేవలం చికాకు కలిగిస్తాయి. మరికొన్ని ప్రాణాలు తీస్తాయి. వీటిని వేరుచేసి గుర్తించడం ఖిదిర్‌పూర్ బార్జీలపై పనిచేసేవారికి ఎంత అవసరమో, విశాఖపట్నం, కాకినాడ తీరాల్లో మరపడవలు నడిపే మత్స్యకారులకూ అంతే అవసరం.

వాసన పడవలోనే ఎందుకు నిలిచిపోతుంది?

ఇంట్లో నీరు ఒలికితే తూము గుండా బయటికి పోతుంది. పడవలో అలా పోయే దారి లేదు. వాననీరు, ఇంజిన్ నుంచి కారిన నూనె, చేపలు కడిగిన నీరు, వంట మెతుకులు అన్నీ చివరికి పడవ అడుగున చేరతాయి. నావికులు బిల్జి అని పిలిచే ఆ చోటు చీకటిగా ఉంటుంది. గాలి ఆడదు. అడ్డదూలాల కింద నీరు పారేందుకు ఉంచిన చిన్న రంధ్రాలు పొట్టు, పొలుసులతో పూడుకుపోతే నీరు పంపు వరకు చేరకుండా మడుగు కడుతుంది.

అలాంటి నీటిలో ప్రాణవాయువు త్వరగా తరిగిపోతుంది. ప్రాణవాయువు లేకుండానే బతికే సూక్ష్మజీవులు అప్పుడు విజృంభిస్తాయి. వీటిలో ఒక వర్గం నీటిలోని సల్ఫేటును వాడుకొని హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువును విడుదల చేస్తుంది. కుళ్లిన కోడిగుడ్డు వాసన దీనిదే. సముద్రపు నీటిలో లీటరుకు రెండున్నర గ్రాములకు పైగా సల్ఫేటు ఉంటుంది. నదుల మంచినీటిలో అది చాలా తక్కువ. సముద్రంలో తిరిగే పడవల అడుగునీరు, ఉప్పునీటితో కడిగే మరుగుదొడ్ల గొట్టాలు అంత ఘాటుగా కంపు కొట్టడానికి ఇదొక కారణం. అయితే చేపల వ్యర్థాలు, మలమూత్రాలు కుళ్లినప్పుడు మంచినీటిలోనూ ఇదే వాయువు పుడుతుంది.

వాసన చెప్పే సంగతులు

తెలుగులో వాసనలకు విడివిడిగా పేర్లున్నాయి. నీచు, కమురు, బూజు, మురుగు అనే మాటలు ఒక్కొక్కటి ఒక్కో మూలాన్ని సూచిస్తాయి. పడవలో వాసనను వెతికేవారికి ఆ పేర్లే తొలి ఆధారం.

నీచు వాసన చేపల గదిలో పుట్టడం సహజం. సముద్రపు చేపల కండరాల్లో ఉండే ఒక పదార్థాన్ని సూక్ష్మజీవులు విడగొట్టినప్పుడు ట్రైమిథైలమీన్ తయారవుతుంది. ఇది క్షార గుణం గలది కనుక పులుపు తగిలితే అణగిపోతుంది. చేపల పులుసులో చింతపండు చేసే పనుల్లో ఇదీ ఒకటి. చేపల గదిని సబ్బునీటితో రుద్ది కడిగి, తరువాత పలుచని వెనిగర్ నీటితో తుడిస్తే మేలు కలగడానికి కారణం అదే. చేపలే లేని పడవలో నీచు వాసన వస్తే మాత్రం విద్యుత్ తీగలను, స్విచ్చులను తక్షణం పరిశీలించాలి. కొన్ని రకాల ప్లాస్టిక్ భాగాలు వేడెక్కినప్పుడు అచ్చం చేప వాసన వేస్తాయి.

కమురు వాసన వస్తే ఇంజిన్ బెల్టు, వేడెక్కిన నూనె, కాలుతున్న తీగ తొడుగు వంటివి అనుమానించదగినవి. బూజు వాసన తడిసిన పరుపులు, తాళ్లు, గాలి తగలని అరల నుంచి వస్తుంది. ఇంజిన్ గదిలో తియ్యటి వాసన సోకితే రేడియేటర్‌లో పోసే శీతల ద్రవం ఎక్కడో కారుతున్నట్లు భావించవచ్చు.

కుళ్లిన గుడ్డు వాసనకు మూలాలు మూడు. మొదటిది అడుగునీరు. రెండవది మరుగుదొడ్డి తొట్టె, దాని గొట్టాలు. మూడవది చాలామందికి తట్టదు. అది బ్యాటరీ. సీసపు బ్యాటరీని మోతాదు మించి ఛార్జ్ చేసినప్పుడు అదే వాసన వెలువడుతుంది. దానితోపాటు ఏ వాసనా లేని హైడ్రోజన్ కూడా పుడుతుంది. అది నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. అందువల్ల ఛార్జింగ్ సమయంలోనే ఈ వాసన వస్తుంటే విద్యుత్ సరఫరాను ఆపి, గాలి ఆడనిచ్చి, బ్యాటరీ చల్లబడేవరకు దూరంగా ఉండాలి.

వంటగ్యాస్: అడుగుకు దిగే ముప్పు

వంటగ్యాస్‌కు సహజంగా చెప్పుకోదగిన వాసన లేదు. లీకు తెలియడానికే అందులో ఘాటైన మెర్కాప్టాన్‌ను కలుపుతారు. ఇంధన వాయువులకు వాసన కలపాలన్న నియమం వెనుక ఒక పెను విషాదం ఉంది. 1937 మార్చి 18న అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం న్యూ లండన్ పట్టణంలో, వాసన లేని సహజవాయువు ఒక పాఠశాల అడుగున చేరి పేలింది. దాదాపు 300 మంది మరణించారు. వారిలో అత్యధికులు పిల్లలు.

వంటగ్యాస్ గాలికంటే బరువైనది. నేలమీది వంటింట్లో కొంత తలుపు సందుల గుండా బయటికి పోతుంది. పడవ మాత్రం గంగాళం వంటిది. కారిన గ్యాస్ మెట్ల గుండా కిందికి జారి అడుగునే నిలుస్తుంది. నిలుచున్న మనిషి ముక్కుకు వాసన తెలియకముందే మోకాళ్ల కింద ప్రమాదకరమైన పొర ఏర్పడవచ్చు. ఈ వాసన తగిలితే సిలిండర్ వాల్వు మూయాలి. అగ్గిపుల్ల గీయరాదు. ఏ స్విచ్చునూ వేయరాదు, ఆపరాదు. ఇంజిన్ స్టార్ట్ చేయరాదు. మూతలన్నీ తెరిచి మనుషులు పైకి రావాలి. గ్యాస్ పూర్తిగా తొలగిన తరువాతే గొట్టం అతుకులకు సబ్బు నురగ పూసి లీకును వెతకాలి.

పడవల్లో ఇంధనం ఎంత ప్రమాదకరమో విశాఖవాసులకు కొత్తగా చెప్పనక్కరలేదు. 2023 నవంబర్ 19 రాత్రి విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో చెలరేగిన మంటల్లో దాదాపు 40 మరపడవలు దెబ్బతిన్నాయి. పడవల్లోని డీజిల్, గ్యాస్ సిలిండర్లు ఆ మంటలను మరింత పెంచాయి.

వెతికే పద్ధతి

గ్యాస్ వాసన, కాలుతున్న వాసన కాదని నిర్ధారించుకున్నాక, మనుషులు రోజూ తిరిగే గదులు, గాలి ఆడే చోట్ల వరకు వెతుకులాట సాగించవచ్చు. మూసి ఉన్న తొట్టెలు, లోతైన గదులు ఈ పద్ధతికి లోబడవు. వాటి సంగతి వేరు.

మొదట వాసన ఎప్పుడు వస్తున్నదో రాసిపెట్టుకోవాలి. ఇంజిన్ నడిచేటప్పుడా, మరుగుదొడ్డి వాడిన వెంటనేనా, పడవ ఒక పక్కకు ఒరిగినప్పుడా? ఆటు సమయంలో బురదపై ఒరిగిన పడవలో అడుగునీరు ఒక మూలకు చేరి, అంతవరకు తెలియని కంపు బయటపడవచ్చు. పడవ నడుస్తున్నప్పుడే పొగ వాసన వస్తుంటే, వెనుక వదిలిన పొగ గాలి సుడితో తిరిగి లోపలికి వస్తున్నదేమో చూడాలి.

తరువాత అరలన్నీ తెరిచి గాలి ఆడనివ్వాలి. ఆపై ఒక్కొక్క అరను విడిగా మూసి, కొన్ని గంటల తరువాత ఒక్కొక్కటిగా తెరిచి చూడాలి. ముక్కు ఏ వాసనకైనా కొద్ది నిమిషాల్లో అలవాటుపడిపోతుంది. కనుక వాసన చూసే మనిషి ప్రతిసారీ బయట కొంతసేపు మంచిగాలి పీల్చి రావాలి. పడవలో ఉండనివారిని పిలిచి అడగడం ఇంకా మంచిది.

మరుగుదొడ్డి గొట్టాలపై అనుమానం ఉంటే ఒక తేలికైన పరీక్ష ఉంది. శుభ్రమైన గుడ్డను వేడినీటిలో తడిపి, పిండి, గొట్టం చుట్టూ కాసేపు చుట్టి ఉంచాలి. తరువాత ఆ గుడ్డను బయటికి తెచ్చి వాసన చూడాలి. గుడ్డకు కంపు అంటితే మురుగు రబ్బరు గుండా ఊరుతున్నదని అర్థం. అటువంటి గొట్టాన్ని ఎంత కడిగినా లాభం లేదు. మార్చవలసిందే. తొట్టె గాలిగొట్టం పూడుకుపోయిందేమో కూడా చూడాలి. గాలి అందిన తొట్టెలో కంపు తక్కువగా పుడుతుంది.

ఒకేసారి అన్నింటినీ బాగుచేస్తే అసలు కారణం తెలియకుండానే పోతుంది. ఒక పని చేసి, ఒక రోజు ఆగి, ఫలితం చూసి రెండవ పనికి పూనుకోవాలి. అత్తరు, కర్పూరం, ఫినాయిల్ వాసనను కప్పుతాయే గాని మూలాన్ని తొలగించవు. పైగా హెచ్చరికను దాచిపెడతాయి. బ్లీచింగ్ పౌడర్‌ను, మరుగుదొడ్లు కడిగే యాసిడ్‌ను ఒకేచోట ఎన్నడూ వాడరాదు. రెండూ కలిస్తే విషపూరితమైన క్లోరిన్ వెలువడుతుంది.

ముక్కు పని ముగిసే చోటు

మూసి ఉన్న చేపల గది, నీటి తొట్టె, లంగరు గొలుసు అర వంటి చోట్ల ముక్కును నమ్మరాదు. హైడ్రోజన్ సల్ఫైడ్ విషయంలో మనిషి ముక్కు ఎంతో చురుకైనది. గాలిలో పది లక్షల భాగాలకు ఒక భాగం కన్నా తక్కువ ఉన్నా పసిగట్టగలదు. కాని ఆ పరిమాణం 100 భాగాలకు చేరితే కొద్ది నిమిషాల్లోనే వాసన తెలిసే శక్తి మొద్దుబారుతుంది. 500 దాటితే మనిషి నిమిషాల్లో కుప్పకూలవచ్చు. 1,000 దాటితే ఒకటి రెండు శ్వాసలకే స్పృహ తప్పవచ్చు. వాసన పోయిందనుకున్న క్షణమే ప్రమాదం ముదిరిన క్షణం కావచ్చు.

అసలు వాసనే లేని ముప్పులూ ఉన్నాయి. ఇంజిన్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు. మూసిన ఇనుప తొట్టెలో తుప్పు పడుతూ పడుతూ లోపలి ప్రాణవాయువును హరిస్తుంది. తొట్టె ఖాళీగా, శుభ్రంగా కనిపించినా అందులో దిగిన మనిషికి ఊపిరి అందదు.

2022 ఏప్రిల్‌లో మంగళూరు సమీపంలోని ఒక చేపల శుద్ధి కర్మాగారంలో జరిగిన దుర్ఘటన ఇందుకు నిదర్శనం. చేపల వ్యర్థాల తొట్టెలో ఒక కార్మికుడు పడిపోగా, ఆయనను కాపాడబోయి మిగిలినవారు కూడా విషవాయువుకు గురయ్యారు. ఐదుగురు మరణించారు. వారంతా పశ్చిమ బెంగాల్ నుంచి పనికి వెళ్లినవారే. అది నేలమీది తొట్టె. చేపల వ్యర్థాలు నిలిచిన పడవ గదిలోనూ అదే రసాయన చర్య జరుగుతుంది.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులపాటు మరపడవల వేట నిషేధం అమలవుతుంది. మండువేసవిలో రెండు నెలలు మూసి ఉంచిన పడవను తిరిగి తెరిచే రోజున మరింత జాగ్రత్త అవసరం. పడవను కట్టివేసే ముందే చేపల గదిని, అడుగునీటిని శుభ్రం చేసి, మూతలు కొద్దిగా తెరిచి ఉంచడం ఉత్తమం.

పాడుబడిన బావిలో దిగేముందు లాంతరు దించి చూడటం పల్లెల్లో పాత అలవాటు. దీపం ఆరితే ప్రాణవాయువు లేదని గ్రహించేవారు. పడవలో ఆ పద్ధతి పనికిరాదు. ప్రాణాంతకమైన హైడ్రోజన్ సల్ఫైడ్ ఉన్నా దీపం వెలుగుతూనే ఉండవచ్చు. మండే వాయువు ఉంటే పేలుడు సంభవించవచ్చు.

నిబంధనలు ఏమంటున్నాయి?

అంతర్జాతీయ సముద్ర భద్రతా ఒప్పందం ప్రకారం, దాని పరిధిలోకి వచ్చే నౌకలు 2016 జూలై 1 నుంచి చేతిలో ఇమిడే వాయు పరీక్ష పరికరాన్ని తప్పనిసరిగా ఉంచుకోవాలి. అది ప్రాణవాయువు, మండే వాయువులు, హైడ్రోజన్ సల్ఫైడ్, కార్బన్ మోనాక్సైడ్ నాలుగింటినీ కొలవగలగాలి. మూసిన గదుల్లో ప్రవేశం, రక్షణలపై సిబ్బంది రెండు నెలలకొకసారి అభ్యాసం చేయాలన్న నియమం 2015 నుంచి అమల్లో ఉంది. చిన్న చేపల పడవలకు ఈ ఒప్పందం వర్తించదు. కాని వాయువుకు పడవ చిన్నదా పెద్దదా అన్న తేడా లేదు.

పరికరం లేనప్పుడు లోపలికి దిగకపోవడమే సురక్షితం. మూతలన్నీ తెరిచి, బయటి నుంచి బ్లోయర్‌తో గాలి పంపుతూ, నీటిని పైనుంచే పంపుతో తోడవచ్చు. పరీక్షించిన తరువాత దిగవలసి వచ్చినా నడుముకు తాడు కట్టుకోవాలి. ద్వారం వద్ద ఒక మనిషి విడవకుండా కాపలా ఉండాలి. లోపలి మనిషి కూలిపోతే పైనున్నవారు దిగరాదు. తాడు లాగాలి, గాలి పంపాలి, సహాయానికి పిలవాలి. ముఖానికి తడిగుడ్డ కట్టుకుంటే విషవాయువు ఆగదు.

అత్యవసర పరిస్థితిలో రేవులో ఉన్నవారు 112కు, సముద్రంలో ఉన్నవారు భారత తీర రక్షక దళం నంబరు 1554కు ఫోన్ చేయవచ్చు. పడవ ఎక్కడ ఉంది, లోపల ఎందరున్నారు, ఏ వాసన వచ్చింది అనే మూడు వివరాలు ముందుగా చెబితే, వచ్చే సహాయక సిబ్బంది తగిన శ్వాస పరికరాలతో రాగలుగుతారు.