కంప్యూటర్ పెట్టెలో గాలి ఒత్తిడి - ధూళి ప్రవేశం: ఒక పరిశీలన

పాత పత్రికలను, శిథిల గ్రంథాలను స్కాన్ చేసే గదుల్లో కంప్యూటర్‌కు ధూళి బెడద ఎక్కువ. పెళుసుబారిన కాగితం పుట తిప్పినప్పుడల్లా పొడి రాలుస్తుంది. దానికి బట్టల నూగు, వీధి దుమ్ము తోడై, వాడుకలో 'సీపీయూ' అని పిలిచే పెట్టెలోకి చేరతాయి. నిజానికి సీపీయూ అంటే ఆ పెట్టెలోని ప్రాసెసర్ మాత్రమే. లోపల పేరుకున్న ధూళి అందరికీ కనిపిస్తుంది గాని, అది వచ్చిన దారిని పట్టించుకునేవారు అరుదు. ఆ దారిని నిర్ణయించేది ప్రధానంగా పెట్టెలోని గాలి ఒత్తిడి.

చవక పెట్టెల్లో చాలావాటికి వెనుకవైపు ఒక్క ఫ్యాన్ మాత్రమే ఉంటుంది. అది గాలిని బయటకు నెడుతుంది. లోపల ఒత్తిడి తగ్గుతుంది. ఆ లోటును పూరించడానికి యూఎస్‌బీ రంధ్రాల నుంచి, కార్డుల సందుల నుంచి, మూతల అంచుల నుంచి వడపోత లేని గాలి చొరబడుతుంది. ఇందుకు భిన్నంగా, ముందుభాగంలో జాలీ వెనుక 120 మి.మీ. ఫ్యాన్లు రెండు లోపలికి, వెనుక అదే పరిమాణంలో ఒకటి బయటకు గాలిని పంపేలా అమర్చితే, లోపలి ఒత్తిడి సాధారణంగా స్వల్పంగా పెరుగుతుంది. అప్పుడు సందుల గుండా గాలి బయటకే పోతుంది. ధూళిలో అధికభాగం జాలీ వద్దనే ఆగుతుంది.

అయితే ఇక్కడొక చిక్కు ఉంది. జాలీ మూసుకుపోయేకొద్దీ లోపలికి వచ్చే గాలి తగ్గుతుంది, వెనుక ఫ్యాన్ మాత్రం లాగుతూనే ఉంటుంది. ఫ్యాన్ల సంఖ్య మారకుండానే ఒత్తిడి తలకిందులవుతుంది. కనుక లెక్కించవలసింది ఫ్యాన్లను కాదు, వాస్తవంగా ప్రవహించే గాలిని. పలుచని కాగితపు పీలికను వెనుక సందు వద్ద పట్టుకుంటే, అది బయటకు ఊగుతోందో లోపలికి అంటుకుంటోందో తెలిసిపోతుంది.

వేసవిలో పక్క పలకను ఊడదీసి టేబుల్ ఫ్యాన్ తిప్పడం పలుచోట్ల కనిపించే అలవాటు. తాత్కాలికంగా వేడి తగ్గినా, జాలీ చేసే పని మొత్తం వృథా అవుతుంది. పైగా ఫ్యాన్లు గది ఉష్ణోగ్రతకన్నా చల్లగా చేయలేవు. గది 40 డిగ్రీలుంటే లోపల అంతకు మించే ఉంటుంది. ప్రాసెసర్‌పై ఉండే లోహపు రెక్కల మధ్య ధూళి చాపలా పరుచుకున్నప్పుడు ఆ వేడి బయటపడదు. ఇప్పటి ప్రాసెసర్లలో అనేకం సుమారు 100 డిగ్రీల వద్ద తమ వేగాన్ని తామే తగ్గించుకుంటాయి. ఈ మందకొడితనాన్ని వైరస్‌గా భ్రమించి, సాఫ్ట్‌వేర్‌ను మళ్లీ మళ్లీ ఎక్కించేవారూ ఉన్నారు.

శుభ్రపరచడానికి ముందు విద్యుత్ తీగను తొలగించాలి. జాలీ ఊడదీయడానికి వీలున్న రకమైతే కడిగి, పూర్తిగా ఆరాకనే తిరిగి బిగించాలి. గాలిని ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి ఉంచాలి. లేకుంటే అది మితిమీరిన వేగంతో తిరిగి బేరింగు దెబ్బతినవచ్చు. హార్డ్‌డిస్కుపై చిన్న గాలి రంధ్రం ఉంటే ధూళి భయంతో దానిపై టేపు అంటించరాదు. లోపలి, వెలుపలి ఒత్తిళ్లను సమం చేసే వడపోత మార్గమది. స్కాన్ చేసిన పుటలకు మరో డిస్కులో నకలు తీసిన తరువాతే పెట్టె మూత తెరవడం ఉచితం.