ట్రాక్టరు మొరాయిస్తే ముందు పొగ చూడాలి

డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. సిలిండర్‌లోకి వచ్చిన గాలిని పిస్టన్ దాదాపు పదిహేడో వంతుకు కుదించి నొక్కుతుంది. ఆ నొక్కుడుకే గాలి 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. సరిగ్గా అప్పుడు నాజిల్ డీజిల్‌ను సన్నటి తుంపరగా చిమ్మితే అది దానంతటదే అంటుకుంటుంది. రుడాల్ఫ్ డీజిల్ 1897లో జర్మనీలో నడిపి చూపించిన ఇంజన్‌ది ఇదే సూత్రం. నల్లగొండ పక్కన పానగల్ ఉదయసముద్రం చెరువు కింద కరిగెట్లలో కేజ్‌వీల్స్‌తో తిరిగే ట్రాక్టరుదీ ఇదే. గాలి, డీజిల్, నొక్కుడు: ఇంజన్ ఆగిందంటే వీటిలో ఏదో ఒకటి సరిగా అందలేదు. మొదటి రెండింటి లోపాలు చాలావరకు పొలం గట్టు మీదే సరవుతాయి. మూడోదానికే షెడ్డు కావాలి.

కందూరు చోడుల నాటి ఈ చెరువు కింద కాలువకు నీళ్లొచ్చాయంటే ట్రాక్టరు అందరికీ ఒకేసారి కావాలి. మడి తయారయ్యేదాకా నారు ఆగదు, ముదిరిపోతుంది. ఆ వారంలో మెకానిక్ దొరకడమే కష్టం. అతను వచ్చేలోగా లోపం ఎక్కడుందో తెలుసుకోగలిగితే సగం రోజు మిగులుతుంది. అందుకు పద్ధతి ఒక్కటే: సులువైనది ముందు, కష్టమైనది తర్వాత.

తాళం తిప్పితే సెల్ఫ్ తిరగకపోతే లోపం ఇంజన్‌ది కాదు, కరెంటుది. టక్ టక్ అని చప్పుడు చేసి ఊరుకుంటే బ్యాటరీ డౌనయి ఉండాలి, లేదా టెర్మినల్ పట్టు వదిలి ఉండాలి. తెల్లగానో పచ్చగానో పొడి పేరుకున్న టెర్మినల్‌ను విప్పి, తినే సోడా కలిపిన నీళ్లతో కడిగి, తుడిచి బిగిస్తే చాలా బండ్లు అక్కడే లేస్తాయి. విప్పేటప్పుడు మైనస్ వైరు ముందు తీయాలి. బిగించేటప్పుడు అది చివర పెట్టాలి. కొన్ని ట్రాక్టర్లలో క్లచ్ పూర్తిగా తొక్కితేనే సెల్ఫ్ తిరుగుతుంది. క్లచ్ కింద ఉండే ఆ చిన్న స్విచ్చిలో బురద చేరినా బండి లేవదు. సెల్ఫ్‌ను ఒక్కసారికి పది సెకన్లకు మించి కొట్టకూడదు. మధ్యలో అర నిమిషమైనా ఆగకపోతే మోటారు కాలిపోతుంది, ఉన్న బ్యాటరీ కూడా దిగిపోతుంది.

సెల్ఫ్ బాగా తిరుగుతోంది, ఇంజన్ మాత్రం అందుకోవడం లేదు. ఇక్కడే సైలెన్సర్ వైపు చూడాలి. పొగ ఏమాత్రం రాకపోతే డీజిల్ సిలిండర్ దాకా చేరడం లేదు. తెల్ల పొగ వస్తుంటే డీజిల్ చేరుతోంది కానీ అంటుకోవడం లేదు. యాసంగి నాట్ల చలి ఉదయాల్లో ఈ రెండోది మామూలే. హీటర్ ఉన్న బండికి కాసేపు హీటర్ పెట్టి కొడితే సరిపోతుంది. ఎండ ఎక్కిన తర్వాత కూడా అదే వరస అయితే నొక్కుడు తగ్గిందేమో చూపించాలి.

పొగే రాని బండికి ముందు చూడాల్సింది ఆపే నాబ్. రాత్రి బండి ఆపడానికి లాగిన నాబ్‌ను పొద్దున లోపలికి నెట్టడం మరచిపోతే గంటసేపు సెల్ఫ్ కొట్టినా చుక్క డీజిల్ వెళ్లదు. తర్వాత ట్యాంకు ట్యాప్, ఆ తర్వాత ఫిల్టర్లు. ఇవన్నీ సరిగానే ఉంటే పైపుల్లో ఎయిర్ పట్టిందని అర్థం. ట్యాంకు ఖాళీ అయ్యేదాకా నడిపినా, ఫిల్టర్ మార్చినా, పైపు జాయింట్ లూజయినా గాలి చొరబడుతుంది. డీజిల్ కుదించుకుపోదు, గాలి కుదించుకుపోతుంది. పంపు ఎంత తోసినా ఆ బుడగ నలిగి ఊరుకుంటుందే గానీ నాజిల్ తెరుచుకునేంత ఒత్తిడి పుట్టదు.

ఎయిర్ తీయడం ప్రతి ట్రాక్టరు రైతుకూ రావలసిన పని. దీనికి ఒక స్పానరు, ఒక గుడ్డ చాలు. ఫిల్టర్ తల మీద ఉండే చిన్న స్క్రూను రెండు చుట్లు వదులు చేసి, ఫీడ్ పంపుకు ఉండే చేతి మీటను మెల్లగా కొట్టాలి. మొదట ఏమీ రాదు. తర్వాత సబ్బు నురగలాగా తెల్లటి డీజిల్ బుసబుసమంటూ పొంగుతుంది. కొడుతూనే ఉంటే నురగ తగ్గి, బుడగలు ఒక్కొక్కటిగా పగిలి, చివరికి గాజులా నిగనిగలాడే ధార వస్తుంది. ఆ ధార ఆగకముందే, మీట కొడుతుండగానే స్క్రూ బిగించాలి. రెండు ఫిల్టర్లుంటే రెండో దానికీ, ఆ తర్వాత ఇంజెక్షన్ పంపు స్క్రూకూ ఇదే చేయాలి. వరస తప్పితే ముందు ఫిల్టర్‌లో మిగిలిన గాలి మళ్లీ తర్వాతి దానిలోకి చేరుతుంది. మర్నాడు మళ్లీ ఎయిర్ పట్టిందంటే ఎక్కడో లీకు ఉంది. పైపులన్నీ పొడిగుడ్డతో తుడిచి, ఏ జాయింట్ దగ్గర తడి ఊరుతుందో చూడాలి.

ఇంజన్ లేచి అయిదు నిమిషాలకు ఆగిపోతే, లేదా ఖాళీగా బాగానే నడిచి రొటావేటర్ దించగానే చచ్చుబడితే, ఫిల్టర్ జామ్ అయి ఉండవచ్చు. గంట నడిచి ఆగి, కాసేపటికి మళ్లీ లేచే బండికి ట్యాంకు మూత చూడాలి. మూతలోని సన్న రంధ్రం దుమ్ముతో పూడుకుపోతే డీజిల్ తగ్గిన చోటికి గాలి రాదు, ట్యాంకు బిగదీసుకుంటుంది. మూత వదులు చేయగానే సుయ్‌మని గాలి లోపలికి పీల్చుకుంటే దొంగ దొరికినట్టే. క్యాన్లలో తెచ్చిన డీజిల్‌తో నీళ్లు కూడా వస్తాయి. నీరు బరువు కాబట్టి అడుగున చేరుతుంది. క్యాను రాత్రంతా కదపకుండా ఉంచి, అడుగున నాలుగు వేళ్లంత మిగిల్చి పోసుకోవాలి.

నల్ల పొగకు కారణం గాలి తక్కువ కావడం, లేదా బండి శక్తికి మించి లోడు పడటం. ఎండాకాలం చల్కల్లో దున్నే ట్రాక్టరు ఎర్ర దుమ్ములోనే ఊపిరి పీలుస్తుంది. ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనర్ అయితే ఆ రోజుల్లో దాని గిన్నె రోజూ విప్పి చూడాలి. అడుగున మడ్డి గట్టిపడితే కడిగి గుర్తు దాకానే కొత్త ఆయిల్ పోయాలి. గుర్తు దాటితే ఇంజన్ ఆ ఆయిల్‌ను పీల్చుకుని నీలి పొగ కక్కుతుంది. దాన్ని చూసి రింగులు పోయాయనుకుని ఇంజన్ విప్పించుకోవడం అన్యాయమైన ఖర్చు. గిన్నె సరిగానే ఉండి, నీలి పొగ తగ్గక, డిప్‌స్టిక్ మీద ఆయిల్ రోజురోజుకూ దిగిపోతుంటే అప్పుడు రింగుల సంగతి ఆలోచించాలి.

ఇంజన్ హీట్ ఎక్కితే ముందు రేడియేటర్ ముఖం చూడాలి. వరికోతల తర్వాత గడ్డి కట్టలు కట్టే రోజుల్లో తాలు, పొట్టు జాలీకి పట్టి కంబళి కప్పినట్టవుతుంది. ఫ్యాన్ బెల్టును బొటనవేలితో నొక్కితే సుమారు ఒక సెంటీమీటరు లోపలికి పోవాలి. అంతకు చాలా ఎక్కువ పోతే లూజు. హీట్ ఎక్కిన బండిని, నీళ్లు కారిపోకుండా ఉంటే, వెంటనే ఆపకుండా లోడు తీసి అయిదు నిమిషాలు స్లోలో నడవనివ్వాలి. నీళ్లు పోయి ఉంటే మాత్రం ఆపేయాల్సిందే. వేడి మీద రేడియేటర్ మూత ఎవరూ తీయకూడదు. పైకి చిమ్మే నీళ్లకు ముఖం, చేతులు బొబ్బలెక్కుతాయి. రేడియేటర్‌లో నీళ్లు మాటిమాటికీ తగ్గుతూ, డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు కలిసిన టీ రంగుకు మారితే నీళ్లు ఆయిల్‌లో కలుస్తున్నాయి. హెడ్ గ్యాస్కెట్ పోవడం దానికి మామూలు కారణం. ఆ బండిని ఒక్క సాలు కూడా నడపకూడదు. ఆయిల్ లైటు వెలిగినా అంతే, చేను మధ్యలో ఉన్నా సరే.

బత్తాయి తోటల్లో కలుపు తీసే పెట్రోలు పవర్ వీడర్ల కథ కొంచెం వేరు. వాటికి నిప్పురవ్వ కావాలి. నెలల తరబడి మూలన పెట్టిన వీడర్ లేవకపోతే సాధారణంగా కార్బ్యురేటర్‌లో పాత పెట్రోలు జిగురుగా గడ్డకట్టి ఉంటుంది. మూలన పెట్టే ముందే పెట్రోలు తీసేస్తే ఆ బాధ ఉండదు.

నాజిళ్లు, ఇంజెక్షన్ పంపు రైతు విప్పేవి కావు. వాటిని పరీక్ష బెంచీ మీదే సరిచేయాలి. నాజిల్ చిమ్మే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోగలదు. బయటికి సూది గుచ్చినంత గుర్తే ఉన్నా అది వెంటనే ఆస్పత్రికి పోవాల్సిన గాయం. 2023 జనవరి నుంచి 50 హెచ్‌పీ దాటిన కొత్త ట్రాక్టర్లకు మన దేశంలో ట్రెమ్ 4 పొగ నిబంధనలు వచ్చాయి. దాంతో వాటిలో కంప్యూటర్ నడిపించే కామన్ రైల్ ఇంజన్లు వచ్చాయి. వాటి నాజిల్ పైపుల్లో ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతుంది. పాత బండ్ల అలవాటుతో ఆ నట్లు వదులు చేస్తే ప్రాణం మీదికి వస్తుంది. మెకానిక్‌కు ఫోన్ చేసినప్పుడు "బండి లేస్తలేదు" అని ఊరుకోకుండా సెల్ఫ్ తిరుగుతోందా, పొగ ఏ రంగు, చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా, లోడు మీదా ఖాళీగానా అన్నది చెబితే కావలసిన సామాను అతను మొదటి రాకలోనే వెంట తెచ్చుకుంటాడు.