లేపాక్షి కప్పు కింద ఒక ప్రశ్న

లేపాక్షి గుడి మంటపం కప్పు మీది బొమ్మల్లో పూల అంచు చీరలు, పక్కకు ముడిచిన కొప్పులు. తలెత్తి చూస్తూ మా మనవరాలు అడిగింది: "అవ్వా, ఈ ఆడోళ్లంతా చీరలు కట్టుకోని నిలబడేదేనా? ఎవురూ ఏమీ రాయలేదా?"

రాయకేం! ఈ గుడి కట్టించిన విరూపణ్ణ ఏలిక అచ్యుతదేవరాయలు (పాలన 1529-42). ఆయన పెళ్లి కథనే తిరుమలాంబ సంస్కృతంలో 'వరదాంబికా పరిణయ చంపువు'గా రాసింది. అంతకు నూటయాభై ఏళ్ల ముందే గంగాదేవి, భర్త కంపరాయల మధురై దండయాత్రను కావ్యం చేసింది. యుద్ధం మగాళ్ల సంగతని ఆమెకెవరూ చెప్పలేదో, చెప్పినా వినలేదో!

పిల్లల చారిత్రక నవలకు ఇంకేం కావాలి? రాజు, గుడి చరిత్రవి. అన్న చేతిలో గంటం లాక్కుని "నేనెందుకు రాయకూడదు?" అని మొండికేసే పదేళ్ల పిల్ల మీ కల్పన. ఎవరైనా రాయండి. చదివేదానికి మా ఇంట్లో ఒకతి కాచుకోనుంది.