డ్రంకెన్ డ్రైవ్‌లో రెండోసారి దొరికితే?

'పోయినసారి జరిమానా కట్టి వచ్చేశాం, ఈసారీ అంతేగా' అనుకుంటూ కోర్టు మెట్లెక్కేవాళ్లు మన వైపు తక్కువేం కాదు. చట్టం అలా లేదు. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. మించి ఆల్కహాల్ ఉంటే నేరం. మొదటిసారి 6 నెలల దాకా జైలు లేదా 10 వేల రూపాయల జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే జైలు 2 ఏళ్ల దాకా, జరిమానా 15 వేలు. లైసెన్సు మీద కూడా వేటు పడొచ్చు. వత్సవాయి, జగ్గయ్యపేటల్లో లారీ మీద, ట్రాక్టరు మీద బతికే ఇళ్లకు అన్నింటికన్నా పెద్ద దెబ్బ అదే.

రాత్రి తాగింది పొద్దున దిగదు

రెండోసారి దొరికినవాళ్లలో కొందరు 'నేను తాగి బండి ఎక్కలేదు, రాత్రెప్పుడో తాగాను' అంటారు. నిజమే కావచ్చు. ఒక క్వార్టర్ విస్కీలో సుమారు 61 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. 65 కిలోల మగమనిషి రక్తంలో అది 130 మి.గ్రా. దాటిస్తుంది. కాలేయం గంటకు తగ్గించేది దాదాపు 15 మి.గ్రా. మాత్రమే. రాత్రి 12 గంటలకు క్వార్టర్ ముగించినవాళ్లు ఉదయం 6కి నందిగామ దగ్గర హైవే ఎక్కితే ఇంకా పరిమితికి పైనే ఉంటారు. మజ్జిగ, నిమ్మరసం, కాఫీ, చన్నీళ్ల స్నానం... వీటిలో ఏదీ ఆ లెక్కను మార్చదు.

వాదన ఎక్కడ నిలుస్తుంది?

నోట్లో మిగిలిన మందు, ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ బ్రీత్ అనలైజర్ రీడింగును కాసేపు పెంచుతాయి. అనుమానముంటే 15 నిమిషాలు ఆగి మళ్లీ ఊదుతానని, రక్తపరీక్ష చేయించమని అడగండి. అసలు ఊదనని మొండికేయడం మాత్రం తెలివితక్కువ పని. సరైన కారణం లేకుండా నిరాకరిస్తే కోర్టులో అది మీకే ఎదురు తిరుగుతుంది.

అరెస్టు చేస్తే 2 గంటల్లోగా వైద్యపరీక్ష జరగాలి. రక్తం తీసేముందు చర్మాన్ని స్పిరిట్‌తో తుడవకూడదు. సీసాలో సోడియం ఫ్లోరైడ్ ఉండాలి, లేకపోతే నిల్వలో రక్తం పులిసి ఆల్కహాల్ పుట్టొచ్చు. సీలు, సమయం, పేరు సరిగా ఉన్నాయా అన్నది మీ లాయరు చూడాల్సిన విషయం. బచూభాయ్ కర్యానీ కేసులో 1971లో సుప్రీంకోర్టు, వాసన, తూలుడు, తడబడే మాట చూసి డాక్టరు చెప్పిన అభిప్రాయం ఒక్కటే చాలదంది. లాయరును పెట్టుకునే స్తోమత లేకపోతే న్యాయసేవాధికార సంస్థ నంబరు 15100.

'సార్, కొంచెం తక్కువ రాయండి' అని మమ్మల్ని బతిమాలేవాళ్లూ ఉంటారు. ఆ అంకె వేసేది ల్యాబ్, మేం కాదు. మా పని వేరే ఉంది. షుగర్ పడిపోయినా, తలకు దెబ్బ తగిలినా మనిషి తాగినట్లే తూలుతాడు. వాసన వస్తోందని తలగాయాన్ని వదిలేస్తే ప్రాణం పోతుంది. షుగర్ మాత్రలు వాడేవాళ్లు మందుల చీటీ జేబులో ఉంచుకోండి.

ఎంత వాదించినా ఒక సంగతి దాచలేం. 2025 అక్టోబరు 24న కర్నూలు దగ్గర చిన్నటేకూరులో మద్యం తాగి నడిపిన ఒక బైకు అదుపుతప్పి రోడ్డు మీద పడింది. దాన్ని ఓ ప్రైవేటు బస్సు ఈడ్చుకెళ్లడంతో మంటలు లేచి 19 మంది ప్రయాణికులు కాలిపోయారు.

కేసు వెనక జబ్బు

ప్రమాదమని తెలిసీ మళ్లీ మళ్లీ తాగి బండి నడపడాన్ని మేం మద్యం జబ్బు లక్షణాల్లో ఒకటిగా లెక్కిస్తాం. పొద్దున్నే చేతులు వణకడం, ఒక పెగ్గు పడగానే ఆ వణుకు ఆగడం కూడా ఉంటే అనుమానం అక్కర్లేదు. అలాంటివాళ్లను లాకప్‌లోనో జైల్లోనో పెడితే మందు ఒక్కసారిగా ఆగిపోతుంది. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్, ఆ తర్వాత మతి తప్పి కేకలు వేయడం, లేనివి కనిపించడం జరగొచ్చు. దీన్ని నటన అనుకుని వదిలేస్తే చనిపోతారు. రోజూ తాగే అలవాటుందని ఇంట్లోవాళ్లు సిగ్గుపడకుండా పోలీసులకు, మేజిస్ట్రేటుకు, జైలు డాక్టరుకు ముందే చెప్పాలి. ఆసుపత్రిలో విటమిన్ బి1, డయాజిపామ్ లాంటి మందులతో ఈ దశ దాటించవచ్చు. తర్వాత మళ్లీ తాగాలన్న యావ తగ్గించడానికి నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ ఉన్నాయి. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే 14446కు గానీ, టెలీ మానస్ 14416కు గానీ ఫోన్ చేయండి.

డైసల్ఫిరామ్ మాత్రను పొడి చేసి కూరలో కలిపి, తాగేవాడికి తెలియకుండా పెట్టే ఇళ్లున్నాయి. దాని మీద మందు తాగితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. ఆ మాత్ర డాక్టరు రాయాలి, అతనికి చెప్పే ఇవ్వాలి.