గడ్డకట్టే చలిలో మూగబోతున్న ఫోన్లు
ఛార్జింగ్ ఉన్నా ఆరిపోవడం బ్యాటరీ లోపం కాదు. చల్లబడిన ఫోనును ఛార్జింగ్‌కు పెట్టడమే అసలు ప్రమాదం

శ్రీనగర్: కాశ్మీర్ లోయ ప్రజలు 'చిల్లై కలాన్' అని పిలుచుకునే నలభై రోజుల కఠోర శీతకాలం ఏటా డిసెంబర్ 21న ఆరంభమవుతుంది. దాల్ సరస్సు అంచుల్లో నీరు పేరుకుంటుంది. కొళాయి గొట్టాలు బిగుసుకుపోతాయి. 'ఫెరన్' అనే పొడవాటి ఉన్ని అంగీ లోపల 'కాంగ్డీ' అనే నిప్పుల కుంపటి పట్టుకొని జనం వీధుల్లో సంచరిస్తారు. 2024 డిసెంబర్ 20 రాత్రి శ్రీనగర్‌లో కనిష్ఠ ఉష్ణోగ్రత మైనస్ 8.5 డిగ్రీల సెల్సియస్‌కు పడిపోయింది. డిసెంబర్ మాసంలో అంతటి చలి అక్కడ అర్ధ శతాబ్ది కాలంలో నమోదు కాలేదు. ఇటువంటి చలికి మనుషులే కాదు, వారి జేబుల్లోని స్మార్ట్‌ఫోన్లు కూడా తట్టుకోలేకపోతున్నాయి.

గుల్మార్గ్ మంచు వాలులను చూడవచ్చిన పర్యాటకుడు ఫోటో తీయబోగా, 30 శాతం ఛార్జింగ్ చూపుతున్న ఫోను ఒక్కసారిగా ఆరిపోవడం అరుదైన విషయం కాదు. గదికి తిరిగివచ్చి, కాసేపు ఆగి మీట నొక్కితే అదే ఫోను మళ్లీ పనిచేస్తుంది. ఛార్జింగ్ కూడా దాదాపు మునుపటి అంకెనే చూపుతుంది. ఈ సంగతి తెలియక బ్యాటరీ చెడిపోయిందని భావించి కొత్తది కొనేవారు లేకపోలేదు.

రసాయన చర్య మందగించడమే కారణం

నేటి స్మార్ట్‌ఫోన్లన్నింటిలో దాదాపుగా లిథియం అయాన్ బ్యాటరీలే ఉన్నాయి. జపాన్‌కు చెందిన సోనీ సంస్థ 1991లో వీటిని తొలిసారిగా విపణిలోకి తెచ్చింది. వీటి రూపకల్పనకు బాటలు వేసిన జాన్ గుడెనఫ్, స్టాన్లీ విట్టింగ్‌హామ్, అకిరా యోషినో అనే ముగ్గురు శాస్త్రవేత్తలకు 2019లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

బ్యాటరీ లోపల ఒక ద్రావణం ఉంటుంది. ఫోను పనిచేస్తున్నంతసేపూ లిథియం అయాన్లు ఈ ద్రావణం గుండా ఒక ధ్రువం నుంచి మరో ధ్రువానికి ప్రయాణిస్తాయి. శీతకాలంలో సీసాలోని కొబ్బరినూనె పేరుకున్నట్లుగా, తీవ్రమైన చలిలో ఈ ద్రావణం చిక్కబడుతుంది. పూర్తిగా గడ్డకట్టకపోయినా అయాన్ల నడక మందగిస్తుంది. అంతర్గత నిరోధం పెరుగుతుంది. ఆ సమయంలో కెమెరా వంటివి ఎక్కువ విద్యుత్తును కోరితే బ్యాటరీ వోల్టేజి హఠాత్తుగా పడిపోతుంది. అది నిర్ణీత స్థాయికి దిగువకు చేరగానే ఫోను తనను తాను ఆపివేసుకుంటుంది.

అంటే ఛార్జింగ్ ఖర్చయిపోలేదు, అందుబాటులో లేకుండా పోయిందన్నమాట. మైనస్ 20 డిగ్రీల చలిలో బ్యాటరీ అందించగల శక్తి సగానికి పడిపోయినా ఆశ్చర్యం లేదు. కాబట్టి అటువంటి చోట్ల తెరపై కనిపించే శాతాన్ని నమ్ముకోవడం క్షేమకరం కాదు.

యాపిల్ సంస్థ తన ఐఫోన్లను 0 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ మధ్య వాడాలని సూచిస్తున్నది. ఆపివేసి భద్రపరచేటప్పుడు మైనస్ 20 నుంచి 45 డిగ్రీల వరకు ఫరవాలేదని పేర్కొంటున్నది.

పాత బ్యాటరీలకు మరింత ఇబ్బంది

బ్యాటరీ పాతబడిన కొద్దీ దాని అంతర్గత నిరోధం పెరుగుతుంది. దానికి చలి తోడైతే ఫోను మరింత తొందరగా ఆరిపోతుంది. ఈ సమస్యే కొంతకాలం క్రితం యాపిల్ సంస్థను చిక్కుల్లో పడవేసింది. కొన్ని ఐఫోన్లు హఠాత్తుగా ఆరిపోతున్నాయన్న ఫిర్యాదులు రావడంతో, పాత బ్యాటరీలున్న ఫోన్ల వేగాన్ని తగ్గించే సాఫ్ట్‌వేర్‌ను ఆ సంస్థ 2017లో ప్రవేశపెట్టింది. వినియోగదారులకు ముందుగా స్పష్టంగా చెప్పలేదన్న ఆగ్రహం వ్యక్తం కావడంతో అదే ఏడాది డిసెంబర్‌లో క్షమాపణ కోరింది. అమెరికాలో బ్యాటరీ మార్పిడి ధరను 79 డాలర్ల నుంచి 29 డాలర్లకు తగ్గించింది. దీనిపై దాఖలైన దావాలో 50 కోట్ల డాలర్ల వరకు చెల్లించేందుకు 2020లో అంగీకరించింది.

ఛార్జింగ్‌లోనే ముప్పు

చలిలో ఫోను ఆరిపోవడం తాత్కాలికమే. కాగా, సున్నా డిగ్రీలకు దిగువన చల్లబడిన బ్యాటరీని ఛార్జి చేయడం శాశ్వత నష్టానికి దారితీస్తుంది. ఆ స్థితిలో లిథియం అయాన్లు గ్రాఫైట్ ధ్రువంలోకి ఇంకిపోలేక దాని ఉపరితలంపై లోహపు పూతగా పేరుకుంటాయి. ఫలితంగా బ్యాటరీ సామర్థ్యం తరిగిపోతుంది, భద్రతకూ భంగం కలుగుతుంది. చల్లబడిన ఫోను ఛార్జింగ్ తీసుకోవడానికి నిరాకరించడం కొన్ని మోడళ్లలో ఈ కారణంగా చేసిన ఏర్పాటే.

అలాగని ఫోనును కాంగ్డీ మీదనో, 'బుఖారీ' అనే కట్టెల పొయ్యి పక్కనో పెట్టి వేడి చేయడం అంతకంటె ప్రమాదకరం. చలి బ్యాటరీని స్తంభింపజేస్తుంది. అధికమైన వేడి దానిని నాశనం చేస్తుంది. ఫోనును గదిలో ఉంచి దానంతటది వెచ్చబడే వరకు వేచి ఉండటమే సరైన మార్గం.

బయటి నుంచి వెచ్చని గదిలోకి వచ్చినప్పుడు మరొక చిక్కు ఎదురవుతుంది. ఐసునీళ్ల గ్లాసు వెలుపల చెమ్మ పట్టినట్లే, గది గాలిలోని తేమ చల్లని ఫోనుపై నీటి బిందువులుగా మారుతుంది. ఆ తేమ లోపలికి చేరితే ఫోను చెడిపోవచ్చు. గదిలోకి రాకముందే ఫోనును గాలి చొరని ప్లాస్టిక్ సంచిలో పెడితే నీటి చుక్కలు సంచిపైనే ఏర్పడతాయి.

ఇక ఉన్ని చేతితొడుగులతో తెరను తాకితే ఫోను స్పందించదు. వేలి స్పర్శతో విద్యుత్ క్షేత్రంలో కలిగే మార్పును బట్టి తెర పనిచేయడమే ఇందుకు కారణం. విద్యుద్వాహక దారంతో నేసిన తొడుగులు ఈ ఇబ్బందిని తీరుస్తాయి.

సౌకర్యం కాదు, ప్రాణాధారం

ఇదంతా పర్యాటకుల ఫోటోలకు పరిమితమైన సమస్య కాదు. శ్రీనగర్ నుంచి లేహ్‌కు వెళ్లే రహదారి 11,500 అడుగులకు పైబడిన ఎత్తులో జోజిలా కనుమను దాటుతుంది. ఆ దారిలో మంచు కురిసి వాహనం నిలిచిపోతే, అత్యవసర నంబరు 112కు కబురు చేయాలన్నా ఫోనే దిక్కు. సియాచిన్ హిమానీనదం ప్రాంతంలో 15,500 అడుగుల ఎత్తున 2023 అక్టోబర్‌లో బి.ఎస్.ఎన్.ఎల్. సేవలు ఆరంభమయ్యాయి. 2025 జనవరిలో జియో 5జీ సేవలు కూడా అక్కడికి చేరాయి. టవరు ఎంత ఎత్తుకు చేరినా చేతిలోని ఫోను చలికి మూగబోతే ప్రయోజనం శూన్యం.

2016లో యూపీఐ చెల్లింపులు ఆరంభమయ్యాక అనేకమందికి ఫోనే డబ్బు సంచి అయింది. టిక్కెట్లు, గుర్తింపు పత్రాలు, హోటలు చిరునామా, దారి చూపే పటం సమస్తం అందులోనే. ఫోను ఆరిపోయిందంటే పరాయి ప్రాంతంలో ఇవన్నీ ఒక్కసారిగా పోయినట్లే.

లంబసింగి చలికి ఉదయం పూట విహరించే మన సందర్శకులు ఇంతగా ఆందోళన చెందనవసరం లేదు. అక్కడ ఉష్ణోగ్రత సున్నాకు చేరువ కావడమే అరుదు. అయితే కాశ్మీర్, లడఖ్‌లకు శీతకాల యాత్ర తలపెట్టే తెలుగువారు కొన్ని జాగ్రత్తలు పాటించక తప్పదు. ఫోనును పై కోటు జేబులో కాక, శరీరపు వేడి తగిలేలా లోపలి జేబులో ఉంచుకోవాలి. పవర్ బ్యాంకులోనూ ఉన్నది అదే రకం బ్యాటరీ గనుక దానినీ వెచ్చగా దాచుకోవాలి. విమానంలో దానిని చేతిసంచిలోనే తీసుకువెళ్లాలి. ఉదయం బయలుదేరే ముందే పూర్తిగా ఛార్జి చేసుకోవాలి.

అన్నింటికంటె మించి, కొంత నగదును, ముఖ్యమైన ఫోన్ నంబర్లు రాసిన కాగితాన్ని వెంట ఉంచుకోవడం ఉత్తమం. ఆ రెండూ ఎంతటి చలికీ ఆరిపోవు.