గడచిన నెలలకు వైద్యరక్షణ

బీమా ముందుచూపుతో చేసుకొనే ఏర్పాటు. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొని ప్రయోజనం లేదన్న సామెత దానికి చక్కగా వర్తిస్తుంది. అయితే అమెరికా సంయుక్త రాష్ట్రాలలో పేదల వైద్యం కోసం 1965లో ఏర్పడిన 'మెడికెయిడ్' పథకంలో ఇందుకు ఒక మినహాయింపు ఉన్నది. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు కలసి వ్యయం భరించే ఈ పథకం, దరఖాస్తు చేసిన నెలకు ముందటి మూడు నెలల వైద్యఖర్చులను కూడా చెల్లించాలని 1972లో చట్టాన్ని సవరించారు. ఆ నెలలలో సైతం రోగికి పథకపు అర్హతలు ఉండి తీరాలి.

వ్యాధి చెప్పి రాదు. పథకం ఉన్నదని తెలియనివారు కొందరు; హఠాత్తుగా జబ్బుపడి దరఖాస్తు చేయలేకపోయేవారు మరికొందరు. వీరిని ఆదుకోవడమే ఈ సవరణ ఉద్దేశం. జనవరిలో పక్షవాతంతో ఆసుపత్రిలో చేరిన ఒక పేద వృద్ధురాలి తరఫున బంధువులు ఏప్రిల్‌లో దరఖాస్తు చేశారనుకొందాం. మూడు నెలల నిబంధన ప్రకారం జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల ఖర్చులను పథకమే భరిస్తుంది. కుటుంబం అప్పులపాలు కాదు. ఆసుపత్రికీ నష్టం రాదు.

కాలక్రమంలో ఈ వెసులుబాటు కుదించుకుపోయింది. కేంద్రం అనుమతితో అయోవా 2017లోనూ, ఫ్లోరిడా 2019లోనూ చాలామందికి దీనిని తొలగించాయి. గర్భిణుల వంటి కొన్ని వర్గాలకు మాత్రం కొనసాగించాయి. తరువాత 2025 జూలై 4న అధ్యక్షుడు డోనాల్డ్ ట్రంప్ సంతకం చేసిన చట్టం దేశమంతటికీ మార్పు తెచ్చింది. 2010 నాటి చట్టం ద్వారా కొత్తగా అర్హత పొందిన వయోజనులకు ఒక నెల, తక్కినవారికి రెండు నెలలు మాత్రమే ఈ రక్షణ ఉండాలనీ, 2027 జనవరి 1 నుంచి ఇది అమలు కావాలనీ ఆ చట్టం నిర్దేశించింది.

ప్రజలు ఆరోగ్యంగా ఉన్నప్పుడే పథకంలో చేరుతారనీ, ప్రభుత్వ వ్యయం తగ్గుతుందనీ ఈ మార్పును సమర్థించేవారి వాదం. ఖర్చు మాయం కాదనీ, అది రోగి మీదనో ఆసుపత్రి మీదనో పడుతుందనీ విమర్శకుల అభిప్రాయం. పై ఉదాహరణలోని వృద్ధురాలికి రెండు నెలల నిబంధన వర్తిస్తే ఫిబ్రవరి, మార్చి నెలల ఖర్చులు మాత్రమే అందుతాయి. ఆమె ప్రాణాలు నిలిపిన జనవరి చికిత్సకు అయిన ఖర్చు కుటుంబం మీదనే పడుతుంది. చట్టంలో ఒక్క అంకె మారినా, ఒక పేద కుటుంబం జీవితమే తారుమారు కావచ్చు.